సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? మోటర్ కొనేముందు ఆంప్స్ లెక్క వేసుకునే పద్ధతి

బెంగళూరులో కర్రీ పాయింట్ పెట్టినవాళ్లు, పీజీ నడిపేవాళ్లు, పిండిమర పెడదామనుకునేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: "అన్నా, మా షాపులో సింగిల్ ఫేజే ఉంది. మూడు హెచ్‌పీ మోటర్ నడుస్తుందా? ఎన్ని ఆంప్స్ లాగుతుంది? ఏ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయి లైన్ ఆపే స్విచ్) వేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఉదాహరణకు కారం, పసుపు, పిండి పట్టే 3 హెచ్‌పీ పల్వరైజర్‌ని తీసుకుందాం. అదే మోటర్ సింగిల్ ఫేజ్‌లోనూ (ఒక ఫేజ్ వైరు, ఒక న్యూట్రల్), త్రీ ఫేజ్‌లోనూ (మూడు ఫేజ్ వైర్లు) దొరుకుతుంది కాబట్టి తేడా బాగా తెలుస్తుంది.

మొదలుపెట్టేముందు ఒక మాట. హెచ్‌పీ అనేది మీ మిషనుకు కావాల్సిన లెక్క. వైరుకు, ఎంసీబీకి, మీటరుకు కావాల్సింది ఆంప్స్. షాపువాడు హెచ్‌పీ చెప్తాడు, కాలిపోయేది ఆంప్స్ వల్ల. అందుకని ప్రతి మెట్టులోనూ ఆంప్స్ ఎంత అనే చూద్దాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మోటర్ నేమ్‌ప్లేట్ ఫోటో. ఇంకా కొనకపోతే షాపువాణ్ని వాట్సాప్‌లో పంపమనండి. పంపనంటే ఆ మోటర్ వదిలేయండి.
- మీ బెస్కామ్ (బెంగళూరు కరెంటు కంపెనీ) బిల్లు. అందులో శాంక్షన్డ్ లోడ్ అని ఉంటుంది, అంటే మీకు మంజూరైన లోడ్.
- క్లాంప్ మీటర్. ఏసీ ఆంప్స్ చూపించేది, ఒక దశాంశ స్థానం అయినా కనిపించేది. నెలకోసారైనా మోటర్ పని పడేవాళ్లు సొంతంగా ఒకటి కొనుక్కోవడం మంచిది. బీవీకే అయ్యంగార్ రోడ్డులోనో, ఎస్పీ రోడ్డులోనో తిరిగితే రకరకాలవి దొరుకుతాయి.
- మల్టీమీటర్. దాని మీద క్యాట్ 3, 600 వోల్ట్స్ అని రాసి ఉండాలి. మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే చవక మీటర్‌తో 415 వోల్ట్స్ జోలికి పోవద్దు.
- టెస్టర్ ఉంటే ఉండనీయండి. దాన్ని ఎందుకు నమ్మకూడదో 7వ మెట్టులో చెప్తాను.

హెచ్చరిక: ప్లేటు చదవడం, లెక్క వేయడం, ఇన్సులేషన్ ఉన్న వైరు చుట్టూ క్లాంప్ పెట్టి చూడడం మీరు చేసుకోవచ్చు. టెర్మినల్ బాక్స్ విప్పడం, స్టార్టర్ కనెక్షన్లు, మీటర్ దగ్గర పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మెయిన్ ఆపాక కూడా కెపాసిటర్‌లో (సింగిల్ ఫేజ్ మోటర్ స్టార్ట్ అవడానికి, నడవడానికి సాయపడేది) చార్జి మిగిలి ఉంటుంది. దాని కాళ్లు ముట్టుకోవద్దు.

1. ప్లేటు చదవండి

ప్లేటు మీద చూడాల్సినవి ఇవి: కిలోవాట్/హెచ్‌పీ, వోల్ట్స్, ఆంప్స్, ఫేజ్, హెర్ట్జ్, ఆర్‌పీఎం, కనెక్షన్ గుర్తు, డ్యూటీ.

ఆంప్స్ అని ఉన్న అంకె ఫుల్ లోడ్ కరెంటు. అంటే మోటర్ తన పూర్తి బలంతో పనిచేస్తున్నప్పుడు లాగేది. ఈ అంకె కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. కింద వేసే లెక్క కంటే ప్లేటు మీద ఉన్న అంకెకే విలువ ఎక్కువ.

హెచ్‌పీ, కిలోవాట్ అనేవి షాఫ్ట్ దగ్గర బయటకు వచ్చే బలం. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. లైన్ నుంచి లోపలికి వెళ్లే పవర్ అంతకంటే ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే కొంత వేడిగా పోతుంది. "3 హెచ్‌పీ అంటే 2.2 కిలోవాట్, కాబట్టి గంటకు 2.2 యూనిట్లు" అని లెక్క వేసుకున్నవాళ్లు నెలాఖరున బిల్లు చూసి మీటర్ తప్పు అంటారు. మీటర్ తప్పేమీ ఉండదు.

కనెక్షన్ గుర్తు అంటే స్టార్ లేదా డెల్టా, మోటర్ లోపలి మూడు రాగి చుట్లను (వైండింగ్‌లను) కలిపే రెండు పద్ధతులు. త్రిభుజం ఉంటే డెల్టా, వై ఆకారం ఉంటే స్టార్. మన దగ్గర దొరికే త్రీ ఫేజ్ మోటర్లలో సుమారు 3 హెచ్‌పీ వరకు ఎక్కువగా 415 వోల్ట్స్ స్టార్‌లో వస్తాయి, ఆపైన డెల్టాలో వస్తాయి. ఈ గుర్తు ఫోటోలో తప్పకుండా పడాలి, 4వ మెట్టులో పనికొస్తుంది.

డ్యూటీ దగ్గర ఎస్1 అని ఉంటే ఆగకుండా నడపొచ్చు. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే కొన్ని మిషన్ల ప్లేటు మీద హెచ్‌పీ పెద్దగా, ఆంప్స్ చిన్నగా ఉంటుంది, లేదా ఆంప్స్ అసలే ఉండదు. 230 వోల్ట్స్, 6 ఆంప్స్ అని రాసి పక్కనే 3 హెచ్‌పీ అంటే అది కుదరదు. 230 × 6 = 1380. లోపలికి వెళ్లేదే 1380 వాట్లు మించనప్పుడు బయటకు 2238 వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

2. ఆంప్స్ లెక్క వేయండి

ప్లేటు అరిగిపోయినా, పాత మోటర్ మీద పెయింట్ కొట్టేసినా ఈ లెక్కే దిక్కు. సిద్ధాంతం జోలికి వెళ్లకుండా రెండు సూత్రాలు మాత్రం రాసుకోండి.

సింగిల్ ఫేజ్: ఆంప్స్ = వాట్లు ÷ (వోల్ట్స్ × పవర్ ఫ్యాక్టర్ × ఎఫిషియెన్సీ)

త్రీ ఫేజ్: ఆంప్స్ = వాట్లు ÷ (1.732 × వోల్ట్స్ × పవర్ ఫ్యాక్టర్ × ఎఫిషియెన్సీ)

వాట్లు అంటే హెచ్‌పీ × 746. ఎఫిషియెన్సీ అంటే లోపలికి వెళ్లే పవర్‌లో షాఫ్ట్ దగ్గరకు వచ్చే వంతు. పవర్ ఫ్యాక్టర్ అంటే వోల్ట్స్, ఆంప్స్ లెక్కలో నిజంగా పవర్‌గా మారే వంతు. త్రీ ఫేజ్‌లో వోల్ట్స్ అంటే రెండు ఫేజ్‌ల మధ్య కొలిచేది, సుమారు 415. ఒక ఫేజ్‌కి, న్యూట్రల్‌కి మధ్య ఉండే 230 కాదు. చాలామంది ఇక్కడే 230 వేసి, జవాబు తేడాగా వచ్చిందని టెన్షన్ పడతారు.

మన 3 హెచ్‌పీ పల్వరైజర్‌కి చూద్దాం. వాట్లు 3 × 746 = 2238.

సింగిల్ ఫేజ్ మోటర్‌కి పవర్ ఫ్యాక్టర్ 0.8, ఎఫిషియెన్సీ 0.75 అనుకుంటే: 2238 ÷ (230 × 0.8 × 0.75) = సుమారు 16.2 ఆంప్స్.

త్రీ ఫేజ్ మోటర్‌కి పవర్ ఫ్యాక్టర్ 0.8, ఎఫిషియెన్సీ 0.83 అనుకుంటే: 2238 ÷ (1.732 × 415 × 0.8 × 0.83) = సుమారు 4.7 ఆంప్స్.

లెక్క వేసే ఓపిక లేనివాళ్లకు మామూలుగా ప్లేట్ల మీద కనిపించే అంకెలు ఇవి. కంపెనీని బట్టి, మోటర్ రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

సింగిల్ ఫేజ్, 230 వోల్ట్స్:
- అర హెచ్‌పీ: 3.5 నుంచి 4.5 ఆంప్స్
- 1 హెచ్‌పీ: 6 నుంచి 7.5
- 2 హెచ్‌పీ: 10.5 నుంచి 13
- 3 హెచ్‌పీ: 15 నుంచి 18

త్రీ ఫేజ్, 415 వోల్ట్స్:
- 1 హెచ్‌పీ: 1.7 నుంచి 2 ఆంప్స్
- 2 హెచ్‌పీ: 3.2 నుంచి 3.6
- 3 హెచ్‌పీ: 4.5 నుంచి 5
- 5 హెచ్‌పీ: 7 నుంచి 8
- 7.5 హెచ్‌పీ: 10.5 నుంచి 11.5
- 10 హెచ్‌పీ: 14 నుంచి 15

త్రీ ఫేజ్‌లో 3 హెచ్‌పీ దాటాక "హెచ్‌పీకి ఒకటిన్నర ఆంప్" అని గుర్తుపెట్టుకుంటే చాలు. బోరులో దింపే సబ్‌మెర్సిబుల్ మోటర్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయి కాబట్టి వాటి ఎఫిషియెన్సీ తక్కువ. అవి ఈ అంకెల కంటే ఎక్కువే లాగుతాయి. వాటికి ప్లేటే చూడాలి.

ఇక్కడ అందరికీ వచ్చే అనుమానం ఒకటుంది. "16 ఆంప్స్ ఎక్కడ, 4.7 ఎక్కడ? త్రీ ఫేజ్ అయితే బిల్లు మూడో వంతు అవుతుందా?" అవదు. 4.7 ఆంప్స్ మూడు వైర్లలోనూ పోతుంది, వోల్టేజ్ కూడా ఎక్కువ. పవర్ లెక్క చూడండి. సింగిల్ ఫేజ్‌లో 2238 ÷ 0.75 = సుమారు 2.98 కిలోవాట్లు. త్రీ ఫేజ్‌లో 2238 ÷ 0.83 = సుమారు 2.7 కిలోవాట్లు. ఫుల్ లోడ్‌లో గంటకు పావు యూనిట్ పైచిలుకు తేడా, అంతే. అది కూడా మోటర్ ఎఫిషియెన్సీ వల్ల వచ్చింది. త్రీ ఫేజ్ వల్ల నిజంగా కలిసొచ్చేవి వేరే: సన్నని వైరు సరిపోతుంది, స్టార్టింగ్‌లో లైట్లు మసకబారవు, కెపాసిటర్ గొడవ ఉండదు.

3. మీ లైన్ చూడండి

బిల్లులో శాంక్షన్డ్ లోడ్ ఎంతో చూడండి. ఫ్రిజ్, గీజర్, ఇండక్షన్ స్టవ్, లైట్లు అన్నీ కలిపి దానికి దగ్గరగా ఉంటే, దాదాపు 3 కిలోవాట్లు లాగే మన మోటర్‌కి చోటు లేనట్టే. లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఎన్ని కిలోవాట్ల దాకా సింగిల్ ఫేజ్ ఇస్తారు, మీ వ్యాపారం ఏ టారిఫ్ కిందకు వస్తుంది అన్నవి మీ సబ్‌డివిజన్ ఆఫీసులోనే అడగండి. పక్క షాపాయన చెప్పింది మీకు వర్తించకపోవచ్చు. 1912కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

ఇంటి కనెక్షన్ మీద పిండిమర నడపాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. మంజూరైన అవసరానికి కాకుండా వేరే పనికి కరెంటు వాడితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అసెస్‌మెంట్ చేస్తారు, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు కట్టాలి. అద్దె ఇంట్లో అయితే మీటర్ ఓనర్ పేరు మీద ఉంటుంది, అప్పుడు మీతో పాటు ఆయనకూ ఇబ్బందే.

తర్వాత వోల్టేజ్ కొలవండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య ఇంకోసారి. సింగిల్ ఫేజ్‌లో ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య, త్రీ ఫేజ్‌లో ఆర్, వై, బీ అనే మూడు ఫేజ్‌లలో ఆర్-వై, వై-బీ, బీ-ఆర్ మధ్య. సాయంత్రం 205 లోపు చూపిస్తే సింగిల్ ఫేజ్ మోటర్‌తో కష్టాలు తప్పవు. వోల్టేజ్ 10 శాతం తగ్గితే మోటర్ తిప్పే బలం దాదాపు 19 శాతం పడిపోతుంది. పని మాత్రం అంతే ఉంటుంది కాబట్టి ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

4. ఏది తీసుకోవాలో తేల్చుకోండి

2 హెచ్‌పీ వరకు, సింగిల్ ఫేజే ఉంటే సింగిల్ ఫేజ్ మోటరే తీసుకోండి. ఇడ్లీ, దోశ పిండి రుబ్బే టిల్టింగ్ గ్రైండర్లు చాలావరకు ఈ లెక్కలోనే పడతాయి.

5 హెచ్‌పీ, ఆపైన అయితే త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకోవాల్సిందే. వేరే దారి వెతకొద్దు.

తల నొప్పంతా 3 హెచ్‌పీ దగ్గరే. నా మాట అడిగితే, రోజుకు రెండు మూడు గంటలకు మించి నడిపేవాళ్లు త్రీ ఫేజ్‌కి దరఖాస్తు పెట్టుకోవడం మేలు. అప్పుడప్పుడు నడిపేవాళ్లకు, లేదా బిల్డింగ్‌లో త్రీ ఫేజ్ ఇప్పట్లో రాదన్నవాళ్లకు మూడు దారులున్నాయి.

ఒకటి, సింగిల్ ఫేజ్ 3 హెచ్‌పీ మోటర్. కెపాసిటర్ స్టార్ట్, కెపాసిటర్ రన్ రెండూ ఉన్న రకం అడగండి. స్టార్టింగ్ బలం ఉంటుంది, నడిచేటప్పుడు ఆంప్స్ కూడా కాస్త తగ్గుతాయి.

రెండు, వీఎఫ్‌డీ, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటర్ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్. 230 వోల్ట్స్ సింగిల్ ఫేజ్ లోపలికి ఇచ్చి, త్రీ ఫేజ్ బయటకు తీసుకునే డ్రైవ్‌లు 3 హెచ్‌పీ వరకు తేలిగ్గా దొరుకుతాయి. ఒక చిక్కుంది. ఈ డ్రైవ్ నుంచి బయటకు వచ్చేది 230 వోల్ట్స్ త్రీ ఫేజ్, 415 కాదు. అందుకని 415 స్టార్‌లో ఉన్న మోటర్‌ని డెల్టాకు మార్చాలి. డెల్టాలో అదే మోటర్ 4.7 బదులు 4.7 × 1.732 = సుమారు 8.1 ఆంప్స్ లాగుతుంది, అది సహజమే. డ్రైవ్‌లో మోటర్ వోల్టేజ్, ఆంప్స్ సెట్టింగులు ఈ కొత్త అంకెలతోనే పెట్టాలి. టెర్మినల్ బాక్స్‌లో ఆరు కొసలు బయటకు ఉంటేనే ఈ మార్పు కుదురుతుంది. మూడే వైర్లు బయటకు వచ్చిన మోటర్ అయితే వద్దు. ప్లేటు మీద 415 డెల్టా అని ఉన్న మోటర్ కూడా దీనికి పనికిరాదు. ఇంకో జాగ్రత్త: వీఎఫ్‌డీకి, మోటర్‌కి మధ్య స్విచ్ పెట్టి ఆన్, ఆఫ్ చేయొద్దు, డ్రైవ్ పోతుంది.

మూడు, త్రీ ఫేజ్ మోటర్‌కి కెపాసిటర్ తగిలించి సింగిల్ ఫేజ్ మీద నడిపే పద్ధతి. కొందరు మెకానిక్‌లు చేసి ఇస్తారు. మోటర్ బలంలో సుమారు మూడో వంతు పోతుంది, స్టార్టింగ్ నీరసంగా ఉంటుంది. చిన్న ఫ్యాన్‌కి సరే. ఎండు మిరపకాయలు పోసిన పల్వరైజర్‌కి నేనైతే చెప్పను.

5. వైరు, ఎంసీబీ, ఓవర్‌లోడ్ రిలే

మోటర్ స్టార్ట్ అయ్యే ఆ ఒకటి రెండు సెకన్లు ఫుల్ లోడ్ కరెంటుకు చాలా రెట్లు లాగుతుంది. త్రీ ఫేజ్ మోటర్ నేరుగా స్టార్ట్ చేస్తే ఆరేడు రెట్లు. దాన్ని బట్టే వైరు చూడాలి.

ఉదాహరణకు షాపు వెనక గదిలో మోటర్, ముందు భాగంలో మీటర్. మధ్య 30 మీటర్లు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్స్. పోను, రాను 60 మీటర్లు కాబట్టి 0.44 ఓమ్. సింగిల్ ఫేజ్ 3 హెచ్‌పీ నడుస్తున్నప్పుడు 17 ఆంప్స్ అనుకుంటే వైర్లో పోయేది ఏడున్నర వోల్ట్స్, పర్వాలేదు. స్టార్టింగ్‌లో అయిదు రెట్లు, 85 ఆంప్స్ అనుకుంటే 38 వోల్ట్స్ వైర్లోనే పోతాయి. మీటర్ దగ్గర 230 ఉన్నా మోటర్‌కి అందేది 192. సాయంత్రం మీటర్ దగ్గరే 210 ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. మోటర్ గుయ్‌మంటుంది, తిరగదు. జనం వెంటనే మోటర్ బాగోలేదంటారు.

అందుకని 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్‌కి 4 స్క్వేర్ ఎంఎం, దూరం ఎక్కువైతే 6 వేయండి. బోర్డు నుంచి నేరుగా, వేరే ఏదీ తగిలించకుండా. అదే త్రీ ఫేజ్ అయితే 30 మీటర్లకు 2.5 స్క్వేర్ ఎంఎం హాయిగా సరిపోతుంది. నడిచేటప్పుడు పోయేది రెండు వోల్ట్స్ కూడా ఉండదు.

16 ఆంప్స్ ప్లగ్గులో 3 హెచ్‌పీ మోటర్ పెట్టొద్దు. మారతహళ్లి వైపు ఒక కర్రీ పాయింట్‌లో గ్రైండర్ ప్లగ్గు చూశాను. తెల్ల ప్లాస్టిక్ పిన్నుల చుట్టూ టీ రంగుకు తిరిగింది, ఒక పిన్ను కాస్త పక్కకు ఒరిగింది. ఓనర్ "ఎంసీబీ పడలేదు కదా" అన్నాడు. ఎంసీబీ పడదు. లూజు పిన్ను దగ్గర పుట్టే వేడి ఎంసీబీకి తెలియదు, దానికి తెలిసేది తన గుండా పోయే కరెంటే.

ఎంసీబీ విషయంలో ముఖ్యమైన సంగతి ఇది: అది వైరును కాపాడడానికి, మోటర్‌ను కాపాడడానికి కాదు. త్రీ ఫేజ్ 3 హెచ్‌పీకి సీ కర్వ్ లేదా డీ కర్వ్ (స్టార్టింగ్‌లో క్షణం పాటు ఎగిరే కరెంటుకు పడిపోని రకాలు) 10 ఆంప్స్ ఎంసీబీ వేస్తాం. మోటర్ 4.7 బదులు 7 ఆంప్స్ లాగుతూ గంటసేపు కాలుతున్నా ఆ 10 ఆంప్స్ ఎంసీబీ పట్టించుకోదు. మోటర్‌ను కాపాడేది ఓవర్‌లోడ్ రిలే. స్టార్టర్ పెట్టెలో డయల్ ఉండేది అదే. దాన్ని ప్లేటు మీది ఆంప్స్ దగ్గర పెట్టండి. రిలే మాటిమాటికీ పడుతోందని డయల్ పెంచుకుంటూ పోవడం అంటే జ్వరం ఎక్కువ చూపిస్తోందని థర్మామీటర్ విరగ్గొట్టడం.

స్టార్-డెల్టా స్టార్టర్ (మోటర్‌ని ముందు స్టార్‌లో స్టార్ట్ చేసి, తర్వాత డెల్టాకు మార్చేది) అయితే లెక్క మారుతుంది. మామూలు స్టార్-డెల్టా వైరింగ్‌లో రిలే వైండింగ్ దారిలో ఉంటుంది కాబట్టి ప్లేటు ఆంప్స్ × 0.58 పెట్టాలి. 10 హెచ్‌పీకి 14.5 ఆంప్స్ ఉంటే రిలే 8.4 దగ్గర. 14.5 దగ్గరే వదిలేసిన స్టార్టర్లు నిజంగా చాలా ఉన్నాయి, మోటర్ కాలాకగానీ ఎవరూ చూడరు.

సింగిల్ ఫేజ్ 3 హెచ్‌పీకి 25 ఆంప్స్ సీ కర్వ్ ఎంసీబీ, దాంతో పాటు ఓవర్‌లోడ్ ఉన్న స్టార్టర్. త్రీ ఫేజ్‌కి అదనంగా సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించండి. ఒక ఫేజ్ పోతే మోటర్‌ని ఆపేసేది అదే.

ఎర్త్ సంగతి క్లుప్తంగా: మోటర్ బాడీకి ఎర్త్ లేకుండా స్విచ్ వేయొద్దు. త్రీ ఫేజ్ మోటర్ బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలన్నది నిబంధన. నీళ్లు చిందే చోట 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్) తప్పనిసరి అనుకోండి.

6. మొదటిసారి తిప్పడం

మెయిన్ ఆపి, బెల్టు తీసేసి, షాఫ్ట్ చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగాలి. పాత మోటర్ లేదా వానకు తడిసిన మోటర్ అయితే 500 వోల్ట్స్ మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) వైండింగ్‌కి, బాడీకి మధ్య చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. కనీసం 1 మెగోమ్ రాకపోతే కరెంటు ఇవ్వొద్దు, ముందు ఆరబెట్టించాలి.

తర్వాత బెల్టు లేకుండానే ఒక్క క్షణం ఆన్ చేసి ఆపండి. తిరిగే వైపు చూడండి. త్రీ ఫేజ్‌లో తప్పు వైపు తిరిగితే మెయిన్ ఆపి ఏవైనా రెండు ఫేజ్‌లు మార్చితే చాలు. సింగిల్ ఫేజ్‌లో ఫేజ్, న్యూట్రల్ మార్చినా వైపు మారదు. టెర్మినల్ బాక్స్ మూత లోపల ఉన్న బొమ్మ ప్రకారం వైండింగ్ కొసలు మార్చాలి.

గుయ్‌మని తిరగకపోతే వెంటనే ఆపండి. సింగిల్ ఫేజ్‌లో అయితే మొదట అనుమానించాల్సింది కెపాసిటర్. మార్చేటప్పుడు పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ విలువే, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజ్ ఉన్నది తెండి. "పెద్దది వేస్తే బలం వస్తుంది" అనే మాట వినొద్దు. పెద్ద రన్ కెపాసిటర్ వేస్తే స్టార్టింగ్ వైండింగ్ మాడుతుంది.

7. కొలిచి చూడండి

క్లాంప్ మీటర్ ఒక్క వైరు చుట్టూ మాత్రమే పెట్టాలి. మొత్తం కేబుల్ చుట్టూ పెడితే సున్నా చూపిస్తుంది, ఎందుకంటే పోయేదీ వచ్చేదీ కొట్టేసుకుంటాయి. మీటర్ చెడిపోయిందని షాపుకు తిరిగి తెచ్చేవాళ్లలో చాలామంది చేసిన పని ఇదే. చిన్న కరెంట్లకు ఇంకో చిట్కా ఉంది. వైరు పొడవు ఉంటే క్లాంప్‌లో రెండు చుట్లు తిప్పి, చూపించిన అంకెలో సగం తీసుకోండి, ఇంకా కచ్చితంగా వస్తుంది.

ఖాళీగా తిరిగేటప్పుడు త్రీ ఫేజ్ మోటర్ ఫుల్ లోడ్ ఆంప్స్‌లో దాదాపు 30 నుంచి 50 శాతం లాగుతుంది, చిన్న మోటర్లు ఇంకా ఎక్కువ. ఖాళీగా 2 ఆంప్స్ చూసి సంబరపడకండి. బెల్టు వేసి, సరుకు పోసి, పావుగంట నడిచాక చూసిందే లెక్క. అప్పుడు మూడు ఫేజ్‌ల అంకెలు, మోటర్ దగ్గర వోల్టేజ్ రాసుకోండి.

మన పల్వరైజర్‌లో 4.6, 4.8, 4.4 వచ్చాయనుకోండి. సగటు 4.6. సగటు నుంచి ఎక్కువ తేడా 0.2. 0.2 ÷ 4.6 అంటే సుమారు 4 శాతం. బాగానే ఉన్నట్టు. 10 శాతం దాటితే కారణం వెతకాలి. వోల్టేజ్‌లో ఒక్క శాతం తేడా ఉన్నా ఆంప్స్‌లో ఆరు నుంచి పది శాతం తేడా వస్తుంది. అందుకని ముందు మూడు ఫేజ్‌ల వోల్టేజ్ చూడండి.

తప్పు లైన్‌దా, మోటర్‌దా తేలకపోతే ఈ పరీక్ష చేయించండి. మెయిన్ ఆపి, మోటర్‌కి వచ్చే మూడు వైర్లనూ ఒక్కో స్థానం జరపాలి: ఆర్ ఉన్నచోట బీ, వై ఉన్నచోట ఆర్, బీ ఉన్నచోట వై. మూడూ జరిగాయి కాబట్టి తిరిగే వైపు మారదు. మళ్లీ కొలవండి. ఎక్కువ ఆంప్స్ అదే సరఫరా వైరుతో పాటు జరిగితే లైన్‌లో లోపం. మోటర్ టెర్మినల్ దగ్గరే ఉండిపోతే వైండింగ్‌లో లోపం. రివైండింగ్ షాపుకు వెళ్లేముందు ఇది చేస్తే, మంచి మోటర్‌ని విప్పించుకునే ఖర్చు తప్పుతుంది.

టెస్టర్ సంగతి ఇప్పుడు. మోటర్ నడుస్తుండగా ఒక ఫేజ్ పోయిందనుకోండి. మోటర్ ఆగదు, మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది, మిగిలిన రెండు వైర్లలో ఆంప్స్ 1.7 రెట్లకు పైగా పెరుగుతాయి. తిరుగుతున్న మోటర్ పోయిన ఫేజ్‌లోకి తనే వోల్టేజ్ పుట్టించి వెనక్కు పంపుతుంది. దాంతో టెస్టర్ మూడు చోట్లా వెలుగుతుంది. "మూడు ఫేజ్‌లూ వస్తున్నాయి" అని ఎలక్ట్రీషియన్ చెప్పి వెళ్లిపోతాడు, అరగంటకు వైండింగ్ వాసన వస్తుంది. వోల్టేజ్ రెండు ఫేజ్‌ల మధ్య మీటర్‌తోనే చూడాలి, ఆంప్స్ మూడు వైర్లలోనూ చూడాలి. ఒక వైర్లో సున్నా వస్తే వెంటనే ఆపేయండి.

బాడీ మీద చెయ్యి పెట్టి వేడి చూసే అలవాటు ఉంది చాలామందికి. మోటర్ ఫుల్ లోడ్‌లో చెయ్యి ఆనలేనంత వేడిగా ఉండడం మామూలే. ఎఫ్ క్లాస్ ఇన్సులేషన్ 155 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు. వేడి కంటే ఆంప్స్‌నే నమ్మండి. ఫ్యాన్ కవర్‌లో పిండి, కారం పేరుకుని గాలి ఆగిపోతే మాత్రం ఆంప్స్ సరిగ్గా ఉన్నా మోటర్ కాలుతుంది. వారానికోసారి, మెయిన్ ఆపి, బ్రష్‌తో దులపండి.

అంకె ఎక్కువ వస్తే ఏం చూడాలి

మూడు ఫేజ్‌లూ సమానంగా ఎక్కువ ఉంటే మోటర్ మంచిదే, పని ఎక్కువైంది. బెల్టు బిగువు, జల్లెడ రంధ్రాలు, సరుకు పోసే వేగం చూడండి. తడి ఆరని మిరపకాయలు పోస్తే ఆంప్స్ ఎంత ఎగురుతాయో క్లాంప్ పెట్టి మీరే చూడొచ్చు. పుల్లీ మార్చి వేగం పెంచినా అంతే.

ఒక ఫేజ్‌లోనే ఎక్కువ ఉంటే పైన చెప్పిన పరీక్ష. స్టార్టర్‌లో కరెంటును కలిపే కాంటాక్టర్ పాయింట్లు నల్లబడ్డాయేమో, వైరు కొసల లగ్గులు లూజయ్యాయేమో ముందు చూడమనండి.

సింగిల్ ఫేజ్ మోటర్ ఖాళీగా తిరుగుతున్నా ఫుల్ లోడ్ ఆంప్స్ దాటితే రన్ కెపాసిటర్ విలువ తప్పు, లేదా మోటర్ వేగం అందుకున్నాక స్టార్ట్ కెపాసిటర్‌ని తప్పించాల్సిన స్టార్టింగ్ స్విచ్ విడవడం లేదు.

కొలిచిన అంకెలన్నీ తేదీతో సహా ఒక కాగితం మీద రాసి స్టార్టర్ పెట్టె మూత లోపల అంటించండి: ప్లేటు ఆంప్స్, రిలే సెట్టింగ్, లోడ్ మీద మూడు ఫేజ్‌ల ఆంప్స్, అప్పటి వోల్టేజ్. ఆరు నెలల తర్వాత మోటర్ మోత మారిందనిపిస్తే మళ్లీ అదే సరుకు పోసి, అదే చోట క్లాంప్ పెట్టి ఆ అంకెలతో పోల్చండి. అరకొర తేడా ఉంటే నడపండి. ప్లేటు ఆంప్స్ దాటితే ఆపి, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి, ఆ కాగితం ఫోటో కూడా పంపండి.